బోరలందరికీ స్నానం చేసినవాడు

మా పక్కింటి టీటీగారు పోయారు. పేపర్లో రాలేదు. రాదని నాకు ముందే తెలుసు. మా పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీవారి ఇంట్లో ఎవరైనా పోతే అరపేజీ ప్రకటన ఫొటోతో సహా వస్తుంది. ఉద్యోగమంతా రైళ్లలో నిలబడి టికెట్లు చూసిన మనిషి పోతే సొంత వీధిలోనే సగంమందికి సాయంత్రానికి గాని తెలియలేదు. తెలిసినవాళ్లు "కిడ్నీలే కదా?" అని అడిగి, నేను తలూపగానే వెళ్లిపోయారు. ఇంటికొక కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానం వైపు ఆ ప్రశ్న అడిగినవాళ్లెవరూ జవాబు కోసం నిలబడరు.

డయాలసిస్ చేయించుకుని ఆటోలో వచ్చారు. ఇంటి ముందు ఆటో ఆగింది, ఆయన దిగలేదు. డ్రైవరు ఒకటికి రెండుసార్లు పిలిచి, తర్వాత నా తలుపు కొట్టాడు. "మేస్టారూ, ఓపాలి రండి. టీటీగారు పలకట్నేదు." నేను వెళ్లేసరికి ఆయన ఒళ్లో సంచీ పెట్టుకుని, వచ్చే స్టేషన్లో దిగాల్సినవాడిలా కాస్త ముందుకు వంగి కూర్చుని ఉన్నారు.

తీరని లోటు, ఆత్మకు శాంతి లాంటి మాటలు నేను రాయను. అవి రాసే పెద్దమనుషులు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకాయన గురించి కింద చెప్తాను.

టీటీగారి ఇంటిపేరు బోర. మా వైపు అది కొత్త ఇంటిపేరు కాదు. కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్న రైతుల్లో బోరలున్నారు. సముద్రం ఒడ్డున వలలు వేసే పల్లెల్లోనూ బోరలున్నారు. టీటీగారిది ఆ రెండో ఒడ్డు. తండ్రి తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. ఈయన చదువుకుని రైల్వేలో చేరి, పలాసలో మా పక్కన ఇల్లు కట్టుకున్నారు. మా రెండిళ్లకీ మధ్య, గోడకు సగం అటూ సగం ఇటూగా ఒకే నుయ్యి. గోడకు అటువైపు ఆయన, ఇటువైపు నేను.

ఒకే ఇంటిపేరువాళ్లు అన్నదమ్ములని మనవాళ్ల లెక్క. వాళ్లలో వాళ్లకు పెళ్లి కుదరదు. ఒకరు పోతే మిగిలినవాళ్లకు మైల. దగ్గరి దాయాదులైతే పెద్దకర్మ చేసే పెద్దరోజు దాకా మైల పడతారు. దూరపువాళ్లైతే కబురు విన్నచోటే కట్టుబట్టలతో నెత్తిన నీళ్లు పోసుకుంటారు, దాంతో సరి. ఇది చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. టీటీగారు చేసిన పొరపాటల్లా ఒక్కటే. ఈ ఆచారాన్ని ఆయన భూగోళమంతటికీ వర్తింపజేశారు.

నాకు మొదటిసారి తెలిసింది ఒక చలికాలం పొద్దున. పేపరు చదువుకుంటున్నాను. నూతిలో బాల్చీ దభాలున పడ్డ చప్పుడు, గిలక కీచుమనడం, ఆ తర్వాత నీళ్లు ఒక్కసారిగా గచ్చు మీద పడడం. గోడ మీదుగా చూస్తే టీటీగారు యూనిఫారం ప్యాంటుతోనే తడిసి వణుకుతున్నారు.

"ఎవరు పోయారండీ?" అన్నాను, ఊరి నుంచి కబురొచ్చిందనుకుని.

"అస్సాంలో మేస్టారూ. కతలు రాసేవోడంట. పేపర్లో కింద సిన్నగా ఏసినారు, సూళ్లేదేటి?"

చూశాను. నేను సాహిత్యం చదివేవాణ్ణి కాబట్టి ఆ వార్త చదివి, ఆ రచయిత గురించి రెండు నిమిషాలు ఆలోచించి పేజీ తిప్పేశాను. ఇంటిపేరు బోర అని గమనించనే లేదు.

"ఆయనకీ మీకూ ఏం చుట్టరికం?"

"బోర కద."

"అస్సాం బోర టీటీగారూ! ఆ పేరు వేరు, మీ పేరు వేరు."

"మీరు పిల్లలికి సరిత్ర సెప్పినోరు, మీకు వేరుగానే కనబడతాది. నాకు సార్టులో ఒకలాగే కనబడతాది" అని తల తుడుచుకుంటూ డ్యూటీకి వెళ్లిపోయారు.

చార్టంటే రిజర్వేషన్ చార్టు. ఆయనకు ఈ జబ్బు అంటుకున్నది దాని దగ్గరే. గౌహతి నుంచి దక్షిణాదికి పోయే రైళ్లు పలాస మీదుగానే పోతాయి. వాటిలో వెల్లూరుకు వైద్యానికి వెళ్లే అస్సాంవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చార్టు మీద పేర్లు చూసుకుంటూ పోతున్న వేలు ఒక రోజు తన ఇంటిపేరు దగ్గర ఆగిందట. మా తీరంలో తప్ప ఇంకెక్కడా లేదనుకున్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఫలానా బోగీ, ఫలానా బెర్తు అని. ఆ బెర్తు దగ్గరికి వెళ్లి టికెట్ అడగడం మానేసి, "నేనూ బోరనే" అన్నారట. అవతలి మనిషి నిద్రలోంచి లేచి దండం పెట్టాడట.

అప్పట్నించీ చార్టులో ఆ పేరు కనబడితే ముందు అక్కడికే వెళ్లేవారు. ఉత్తరాన హిమాలయాల్లోని కుమావూ కొండల నుంచి వచ్చిన ఒక సైనికుడు దొరికాడు, వాడూ బోరనే. వాడి తాతలు జనపనార బట్ట నేసేవాళ్లట. ఇంకెవరో చెప్పగా టర్కీలో కూడా ఉన్నారని తెలిసింది, అక్కడ బంతాట ఆడేవాడొకడు టీవీలో కనబడితే నన్ను కేకేసి పిలిచారు. పాతకాలం జర్మనీలో ఆ పేరుగల ఇంట పుట్టిన సన్యాసిని ఒకామె మఠం వదిలి సంసారం పెట్టుకుందని పొరపాటున నేనే చెప్పాను. "మంచి పని సేసింది" అన్నారు వెంటనే, మేనత్త గురించి విన్నట్టు.

నేను ఊరుకునేవాణ్ణి కాదు. టెక్కలి కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి, తప్పు వింటే నోరు మూసుకోలేను. అస్సాంలో బోర అనేది ఇంటిపేరుగా పుట్టలేదని, రాజుల కాలంలో ఇరవైమంది మీద పెత్తనం చేసే చిన్న అధికారి హోదా అని చెప్పాను. టర్కీ భాషలో ఆ మాటకు తుఫానుగాలి అని అర్థమనీ, కొండలవాళ్ల సంగతి ఇంకొకటనీ, ఒక్కో పేరు ఒక్కో చోట విడిగా పుట్టిందనీ, వాటికీ ఉద్దానం బోరలకీ సంబంధం ఉందనడానికి చిన్న ఆధారం కూడా లేదనీ ఒక సాయంత్రమంతా గోడ మీద మోచేతులు ఆన్చి వివరించాను. ఓపిగ్గా విన్నారు.

"మీరు సెప్పింది నిజమే అయ్యుంటాది మేస్టారూ. అయితే ఓటి. రైల్లో 'బోరా' అని పిలిత్తే ఆ అస్సాం మనిషి తిరిగి సూసినాడు. పేరు పిలిత్తే తిరిగి సూసినోడు నావోడే. మరింక దానికి రుజువేటి?"

ఈ వాదానికి జవాబు ఏ గ్రంథంలోనూ లేదు. నేను చాలా గ్రంథాలు చదివాను.

ఆ తర్వాత నూతిలో బాల్చీ పడ్డ చప్పుడు వేళ కాని వేళ వినబడితే, గోడ ఇవతల నుంచి "ఇవాళ ఎవరు?" అని అడిగేవాణ్ణి. "పోర్చుగల్" అనేవారు. "అల్మోడా కొండల వైపు" అనేవారు. రైల్లో పరిచయమైన అస్సాం బోర పెద్దాయన ఒకాయన ఉండేవాడు, తేయాకు తోటలో గుమస్తాగా చేసినవాడు, భార్యను వెల్లూరు తీసుకెళ్లేటప్పుడు వాళ్లకు టీటీగారు కింది బెర్తులు చూసి ఇచ్చారు. ఆవిడ తర్వాత ఇంటిదగ్గర పోయిందని ఫోనొస్తే ఈయన స్నానం చేసి, తడిబట్టలతోనే నిలబడి ఫోన్లో ఆ సంగతి చెప్పారు. అవతలి మనిషి "ఏమిటీ?" అని రెండుసార్లు అడిగాడు. "అర్తం కానేదేమో" అని ఫోను కట్టేశారు.

ఇక పెద్దమనుషుల దగ్గరికి వద్దాం.

మా వైపు రైతుల బోరల్లో ఒకాయనకు జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ పెరిగాక ఆయనకు వంశం గుర్తొచ్చింది. ఇంటిపేరు మీద ఒక సంఘం పెట్టి తనే అధ్యక్షుడయ్యాడు. కార్తీకమాసంలో బోరల వనభోజనాలన్నాడు. ప్రపంచంలో ఉన్న బోరలందరి గురించీ తెలిసిన మనిషి స్టేషన్ దగ్గర ఉన్నాడని ఎవరో చెప్పారట, కారేసుకుని మా వీధికొచ్చాడు.

"మావా, నువ్వు రావాల. నువ్వే మాటాడాల. మన బోరలు ఎక్కడెక్కడున్నారో మన పిల్లలికి తెలవాల" అన్నాడు టీటీగారితో. వరస కలిపి మావా అన్నాడు. ఒకే ఇంటిపేరువాడు మావ ఎలా అవుతాడన్న ఇంగితం లేదు. ఎవరినైనా మావా అనడమే ఆయనకు అలవాటు. టీటీగారు ఆ రాత్రి నుంచే కాగితాలు రాసుకోవడం మొదలుపెట్టారు. ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా వేసుకుని, వనభోజనాల రోజు పొద్దున్నే నా గుమ్మం ముందు నిలబడి, "ఎలాగున్నాను మేస్టారూ?" అని అడిగారు. పెళ్లికొడుకులా ఉన్నారన్నాను.

ఉద్దానంలో పెద్ద కొబ్బరితోట. తోట ముందు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద అధ్యక్షుడి నిలువెత్తు బొమ్మ, ఆయన చుట్టూ చిన్న గుండ్రాల్లో ప్రపంచ బోరలు. అస్సాం రచయిత, టర్కీ ఆటగాడు, మిలిటరీ టోపీతో ఒకడు. "మన వంశ రత్నాలు" అని పైన రాశారు. ఈ వర్ణన నాది కాదు, టీటీగారిది. ఆయన దాని ముందు నిలబడి ఫొటో కూడా తీయించుకున్నారు.

మైకు దగ్గరికి పిలవబోయే ముందు అధ్యక్షుడు అడిగాడట, "మావా, మీదే ఊరు? పరిచయం సేసినప్పుడు సెప్పాల కద."

ఆయన ఊరి పేరు చెప్పారు. సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. అటు నుంచి గాలి వీస్తే ఆ పల్లె ఎండుచేపల వాసన తోటలోకి వచ్చేంత దగ్గర.

అధ్యక్షుడి మొహం మారిందట. పక్కనున్నవాడు ఆయన చెవిలో ఏదో అన్నాడట. "ఆ బోరలా!" అన్నాడట అధ్యక్షుడు. "అయ్యో మావా, ముందే సెప్పకపోనావా. ఆ బోరలు వేరు, మేం వేరు. ఏటనుకోకు. నువ్వు అలగ ఆ సెట్టు కింద కూకో, రెండో బంతిలో బోజనం సేసి ఎల్దువుగాని." అని, టీటీగారి చేతిలో కాగితాలు తీసుకుని, మైకు దగ్గరికి వెళ్లి తనే చదివాడట. తను రాసినట్టే చదివాడట. పిల్లలు చప్పట్లు కొట్టారట.

పాఠకులు గమనించాలి. టర్కీలో బంతాడేవాడు వీళ్ల వంశరత్నం. వాడి భాష వీళ్లకు రాదు, వాడి దేవుడు వేరు, వాడికి వీళ్ల ఊసే తెలియదు. వాడి కాళ్లు వీళ్ల ఫ్లెక్సీ మీద ఉండొచ్చు. మైలు దూరంలో అదే పేరుతో పుట్టి, ఆ పేర్లన్నీ పోగుచేసి తెచ్చిచ్చిన మనిషి మొదటి బంతిలో విస్తరి ముందు కూర్చోకూడదు. ఎంత దూరంగా ఉంటే అంత దగ్గర చుట్టం. చరిత్ర పాఠాల్లో ఈ రకం వంశాభిమానాల గురించి పిల్లలకు చెప్పి నేను పెన్షను తీసుకుంటున్నాను గాని, ఇంత నగ్నంగా ఎక్కడా చదవలేదు.

ఆయన ఇంటికొచ్చి ఇదంతా చెప్పగానే నేను కాగితం, కలం తీశాను. పేపరుకు రాస్తానన్నాను. ఆయన చెప్పులు విడుస్తూ, "ఒద్దు మేస్టారూ" అన్నారు.

"ఎందుకొద్దు? అన్నం దగ్గర లేపేశారు మిమ్మల్ని!"

"నేపలేదు. రెండో బంతి పెట్టినారు. పులిహోర బాగుంది."

"తిన్నారా!"

"తినకపోతే ఆలకీ నాకూ తేడా ఏటుంది? తిన్నాను గాబట్టి ఇప్పుడు ఆలింట్లో ఎవులైనా పోతే నాను నీలు పోసుకోవాల. ఆలు ఒప్పుకోపోతే ఆల సావు నాకు సావు కాకుండా పోద్దేటి?"

అన్నంత పనీ చేశారు. తర్వాతి ఏడాది ఆ అధ్యక్షుడి తల్లి పోయింది. అప్పటికి టీటీగారికి కిడ్నీలు పాడయ్యాయి. ఎడమచేతికి డయాలసిస్ సూదుల కోసం ఆపరేషను చేశారు, ఆ చేత్తో బరువెత్తకూడదు. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాలో డాక్టరు నియమం పెట్టాడు. దాహానికి నాలుక పిడచగట్టి, మంచుముక్క చప్పరించే మనిషి కుడిచేత్తో బాల్చీ తోడుకుని నెత్తిన గుమ్మరించుకుంటుంటే, టెక్కలి నుంచి చూడ్డానికొచ్చిన కూతురు నూతి గట్టు మీదే ఏడ్చింది.

"ఆలు నీకేటవుతారు నాన్నా? నిన్ను సెట్టు కింద కూకోబెట్టినోలకి నువ్వు సలినీలు పోసుకుంటన్నావు. జొరమొత్తే ఎవులు సూత్తారు?"

"తాగడానికే లెక్క గాని పోసుకోడానికి లెక్క లేదు కద అమ్మా" అన్నారాయన. పైగా నావైపు చూసి నవ్వారు.

ఆ రోజే అడిగాను, ఇదంతా దేనికని. తల తుడుచుకోవడం ఆపి చెప్పారు. "నాను పోతే మావూరోలు వత్తారు. మోత్తారు, సంద్రంలో ములుగుతారు. ఆలకది తప్పదు. మావూరోడు కానోడు, నాకేటీ బాకీ లేనోడు, వొట్టి పేరు కలిసినోడు ఒక్కడు, నానెల్లిపోనానని సెంబుడు నీలు పోసుకుంటే సాలు మేస్టారూ. అప్పుడు నాను సేసిందంతా పిచ్చి కాదన్నమాట." మళ్లీ తల తుడుచుకుంటూ, "పెద్దరోజు లోపల" అన్నారు. ఆచారం దగ్గర ఆయన ఎప్పుడూ ఖచ్చితమే.

అందుకే ఆయన్ని ఒడ్డున దహనం చేసి వచ్చిన మర్నాడే నేను ఆ అధ్యక్షుడి ఇంటికి వెళ్లాను. ఆ గుమ్మం ఎక్కడం నాకు ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు. ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. కొడుకు పెళ్లి.

"తెలిసింది మేస్టారూ. పాపం. మా గ్రూపులో ఓం శాంతి ఎట్టించినాను, తీరని లోటని. అందరూ దండాలు ఎట్టినారు, సూడండి" అని ఫోను నా మొహానికి దగ్గరగా పెట్టాడు.

"ఫోన్లో దండాలు ఆయన అడగలేదు. ఒక చెంబు నీళ్లు నెత్తిన పోసుకోమని అడగడానికి వచ్చాను. నూతి దగ్గర, ఎవరూ చూడక్కర్లేదు. మీ అమ్మగారికి ఆయన పోసుకున్నారు."

అతను కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. "మీరు అన్నీ సదివినోరు. మీకు తెల్దేటి? నీలు పోసుకున్నానంటే దాయాదని ఒప్పుకున్నట్టే కద. దాయాదంటే మైల. మైల్లో పెల్లేటని ఆడపెల్లివోరు అడిగితే నానేటి సెప్పాల? శుబలేకలు పంచీసినాం. పెల్లయిపోనాక పోసుకుంటాన్లెండి, దానికేటుంది."

"పెళ్లి ఎప్పుడు?"

చెప్పాడు. టీటీగారి పెద్దరోజు, పొద్దున ముహూర్తం.

"కాఫీ తాగి ఎల్లండి మేస్టారూ" అన్నాడు. నేను తాగలేదు. టీటీగారైతే తాగేవారు. నేను అంత మంచివాణ్ణి కాను. ఆయన బతికున్నంతకాలం వద్దన్నారు కాబట్టి వనభోజనాల సంగతి రాయలేదు. ఇప్పుడు వద్దనడానికి ఆయన లేరు.

పెద్దరోజు పొద్దున టీటీగారి ఇంట్లో ఒడ్డు నుంచి వచ్చిన చుట్టాలు, కూతురు, నేను. కూతురికి నేను ఆ కోరిక సంగతి చెప్పాను. ఆమె తండ్రి ఫోను తీసి అందులో బోర అని ఉన్నవాళ్లకల్లా చేసింది. ఒకటి పనిచేయడం లేదు. ఒకడు రాంగ్ నంబరన్నాడు. సైనికుడి భార్య ఎత్తి, ఆయన సరిహద్దులో ఉన్నాడు, ఫోను దొరకదంది. చివరికి తేయాకు తోట గుమస్తా ఎత్తాడు. కూతురికి హిందీ రాక ఫోను నా చేతికిచ్చి, అందరికీ వినబడేట్టు స్పీకరు నొక్కింది.

పలాస బోర పోయాడని చెప్పాను. అవతల ముసలి గొంతు "ఎవరు?" అని, మళ్లీ తనే, "రైలు బోరనా?" అంది. అవునన్నాను.

అప్పుడే మా వీధి చివర మేళం మొదలైంది. అధ్యక్షుడి కొడుకు పెళ్లి ఊరేగింపు. మైకులో ఎవరో "మన బోరవారి కుటుంబం" అని అరుస్తున్నారు. నేను ఫోను శబ్దం పెంచాను.

"నా ఇంటావిడ పోయినప్పుడు ఆయన నీళ్లు పోసుకున్నానని చెప్పాడు" అన్నాడాయన హిందీలో, మాట మాటకీ ఆగుతూ. "మాలో అలా లేదు. నాకు అర్థం కాలేదు. తర్వాత మా అబ్బాయి చెప్పాడు, వాళ్లలో సొంతవాళ్లకే అలా చేస్తారని. ఎలా చేయాలి?"

"కట్టుబట్టలతో. తల మీద నుంచి. అంతే" అన్నాను.

"ఎప్పటిలోగా?"

"ఈ రోజే ఆఖరు."

సరే అన్నాడు. ఫోను పెట్టేస్తాడనుకున్నాం. పెట్టలేదు, మరిచిపోయాడో, కావాలనే ఉంచాడో తెలియదు. ఎక్కడో ఒక గట్టు మీద ఫోను దించిన చప్పుడు. ముసలివాడు చెప్పులు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు. ఎవరో ఆడమనిషి వాళ్ల భాషలో వద్దని కేకలు వేయడం, ఆయన ఏదో చిన్నగా అనడం. మా గుమ్మం ముందు నుంచి మేళం, గుర్రబ్బండి, మెరుపుకాగితాలు పోతున్నాయి. టీటీగారి చుట్టాలు ఎవరూ అటు చూడలేదు. అందరూ ఆ ఫోను చుట్టూ వంగి ఉన్నారు.

ఫోన్లో గిలక కీచుమంది. బాల్చీ దభాలున నీళ్లలో పడింది.

మా నూతి దగ్గరే పడిందనుకుని, కూతురు చటుక్కున తల తిప్పి గోడవైపు చూసింది.